వాకిట నిలబడిన తెలుగు

మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలో ధర్మాబాద్, బిలోలి, దెగ్లూరు వైపు పెళ్లి ఊరేగింపులు చూసినవారికి ఇది కొత్త సంగతి కాదు. రాత్రి తొమ్మిది దాటాక డీజే బండి ముందు కుర్రాళ్లు గుమిగూడతారు. తెలుగు పాటలు రెండు, హిందీ పాట ఒకటి అయ్యాక ఎవరో 'ఝింగాట్' అని కేక వేస్తారు. ఇక మోకాళ్ల నొప్పులున్న మేనమామ కూడా ఆగడు. ఆ పాట 'సైరాట్' సినిమాలోదని అందరికీ తెలుసు. ఆ సినిమా ఎలా ముగుస్తుందో కూడా తెలుసు. కులం కాని కుర్రాణ్ని కట్టుకున్న ఆడపిల్ల ఇంటికి పుట్టింటివాళ్లు సారె పట్టుకుని వస్తారు. టీ తాగుతారు. ఆమెను, ఆమె భర్తను చంపి వెళ్లిపోతారు. పాటను ఊరేగింపులోకి తెచ్చుకున్నవాళ్లు ఆ ముగింపును మాత్రం ఇంటి గడప తొక్కనివ్వలేదు.

'సైరాట్' తీసిన నాగరాజ్ మంజులే మరాఠీ దర్శకుడు. సరిహద్దు తెలుగువారి పత్రికకు ఆయనతో ఏం పని అని కొందరు పాఠకులు అడగవచ్చు. పని ఉంది. ఆయన 1977లో సోలాపూర్ జిల్లా కరమాళా తాలూకా జేవూరులో వడర్ కుటుంబంలో పుట్టారు. వడర్ అంటే మన వడ్డెరే. చెరువులు తవ్వి, కాలువలు తీసి, కోటలకు రాళ్లు కొట్టి, ఆ పనుల వెంటే కృష్ణా గోదావరుల అవతలికి వెళ్లి, వెళ్లినచోటే ఉండిపోయినవాళ్లు. తరాలు గడిచినా వాళ్ల ఇళ్లలో నిలిచిన భాష పేరు వడరి. భారత జనగణన పట్టికల్లో తెలుగు శీర్షిక కింద తెలుగు కాక పేరు పెట్టి చూపిన మరో మాతృభాష అదొక్కటే. ఇంతకంటే దగ్గరి చుట్టరికం ఇంకేం కావాలి?

అయినా మనం ఆ చుట్టరికం కలుపుకోలేదు. మిక్సీలు వచ్చాక కూడా రోళ్లకు, తిరగళ్లకు కక్కు కొట్టేవాళ్లు ఈ ఊళ్లలో పూర్తిగా మాయం కాలేదు. చంకలో పిల్ల, సంచిలో ఉలి, చిన్న సుత్తితో ఒక వడ్డెర ఆడమనిషి వస్తుంది. వీధిలో మరాఠీలో కేక వేస్తుంది. మనమూ మరాఠీలోనే బేరమాడతాం. అరుగు మీద కూర్చుని రాతిపొడి కళ్లలో పడకుండా తల పక్కకు వాల్చి ఒక్కో గంటు కొడుతూ, ఏడ్చే పిల్లను మాత్రం వేరే భాషలో సముదాయిస్తుంది. ఇంటి ఇల్లాలు ఒక్క క్షణం చెవి ఒగ్గితే అందులో సగం మాటలు తనవేనని తెలుస్తుంది. ఒగ్గదు. పాతిక రూపాయలు తగ్గించుకోవడంలో ఉంటుంది ధ్యాస. ఆ అరుగు మీద కూర్చున్న తెలుగును మనం తెలుగుగా లెక్కించలేదు. అది మన పత్రిక లెక్కలోనూ లేదు.

మంజులే ముందు కవి. మరాఠీలో ఆయన కవితా సంపుటి ఉంది. అహ్మద్‌నగర్‌లో చదువుకునే రోజుల్లో తీసిన 'పిస్తుల్యా' అనే లఘుచిత్రం బడికి వెళ్లాలనుకునే ఒక పేద పిల్లవాడి కథ. దానికి తొలి ప్రయత్నంలోనే జాతీయ పురస్కారం దక్కింది. తర్వాత వచ్చినదే 'ఫాండ్రీ'. 2014 ఫిబ్రవరి 14న, ప్రేమికుల రోజు చూసి మరీ విడుదల చేశారు. పోస్టరు చూసి ప్రేమకథ అనుకుని వెళ్లినవాళ్లు బయటికి వచ్చేటప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు.

ఆ పేరు దగ్గర తెలుగువాడు ఒక నిమిషం ఆగాలి. ఫాండ్రీ కైకాడి మాట. అర్థం పంది. తమిళంలో పన్రి, మనకు పంది, వాళ్లకు ఫాండ్రీ. ఒక తల్లి పిల్లలు. కైకాడీలు మన ఎరుకలకు దగ్గరివాళ్లు, బుట్టలు అల్లుతారు, పందులు పెంచుతారు. మహారాష్ట్ర అంతటా ఆ పేరు అర్థం కాక పత్రికలు వివరణ రాయవలసి వచ్చింది. అర్థం చెప్పకుండానే గుర్తుపట్టగలిగినవాళ్లం మనం. ఆ సినిమాలో ఊరివాళ్లు జబ్యా అనే కుర్రాణ్ని ఏడిపించడానికి వాడే మాట కూడా అదే. వాడి ఇంటి భాషే వాడి మీదికి రాయిలా వస్తుంది.

'ఫాండ్రీ'లో ఒక దృశ్యం గురించి చెప్పకుండా ముందుకు పోలేం. ఊళ్లో తిరిగే పందిని పట్టే పని జబ్యా కుటుంబం మీద పడుతుంది. బడి పక్కనే వేట. తోటి పిల్లలు, వాడు మనసుపడిన అమ్మాయి అంతా చూస్తుంటారు. పంది ఇక చిక్కినట్టే అనుకున్న క్షణంలో బడిలో జాతీయగీతం మొదలవుతుంది. తండ్రి, తల్లి, పిల్లలు ఎక్కడివాళ్లక్కడ కదలకుండా నిలబడతారు. పంది నిలబడదు. గీతం అయ్యేసరికి అది పోయి ఉంటుంది, వేట మళ్లీ మొదటికి వస్తుంది. చివరికి దాన్ని పట్టి, కర్రకు కట్టి మోసుకెళ్లే దారిలో బడి గోడ మీద ఫూలే, సావిత్రిబాయి, అంబేడ్కర్ బొమ్మలు వరుసగా కనిపిస్తాయి. ఒక్క మాట లేదు. ఈ సినిమా వచ్చి రెండేళ్లు దాటాక, 2016 నవంబరు 30న, సినిమా హాళ్లలో జాతీయగీతం తప్పనిసరని సుప్రీంకోర్టు ఆదేశించింది. 2018 జనవరి 9న ఆ నిబంధనను సడలించింది. ఆ పదమూడు నెలల్లో హాల్లో ఎవరు లేచారు, ఎవరు లేవలేదని టీవీల్లో ఎంత గొంతు చించుకున్నారో గుర్తుంది కదా. జబ్యా కుటుంబం మాత్రం తన కూలి పోగొట్టుకుని నిలబడింది.

2016 ఏప్రిల్ 29న 'సైరాట్' వచ్చింది. వంద కోట్ల రూపాయల వసూళ్లు దాటిన తొలి మరాఠీ సినిమా అది. ఉజని జలాశయం ఒడ్డు పల్లెల్లో మొదలైన కథ సగం నుంచి హైదరాబాదుకు మారుతుంది. ఊరు తరిమితే పారిపోయి వచ్చిన ఆర్చీ, పర్శ్యాలకు ఆశ్రయం దొరికింది మన నగరపు మురికివాడలో. దోసెల బండి నడిపే ఒకావిడ వాళ్లను ఆదుకుంటుంది. జమీందారు కూతురు సీసాలు నింపే ఫ్యాక్టరీలో పనికి కుదిరి తెలుగు నేర్చుకుంటుంది. చివరి దృశ్యంలో వాళ్లిద్దరి పసివాడి నెత్తుటి పాదముద్రలు పడింది కూడా హైదరాబాదు ఇంటి గడప మీదే. ఇది మరాఠా దేశపు గొడవ, మనకెందుకు అన్నవాళ్లు ఆ గడప ఎక్కడుందో మరోసారి చూసుకోవాలి.

గొడవలు అప్పుడే మొదలయ్యాయి. అదే ఏడాది జులై 13న అహ్మద్‌నగర్ జిల్లా కోపర్డీలో ఒక బాలికపై అత్యాచారం, హత్య జరిగాయి. అది ఘోరం, దానికి కోర్టు మరుసటి ఏడాది ముగ్గురికి మరణశిక్ష వేసింది. కానీ నేరస్తులు దళితులని, బాధితురాలు మరాఠా అని బయటికి రావడంతో రాష్ట్రమంతటా లక్షల మందితో మరాఠా మౌన ఊరేగింపులు నడిచాయి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని మార్చాలన్న డిమాండు పైకి వచ్చింది. ఆ వేడిలో 'సైరాట్'ను కూడా బోనులో నిలబెట్టారు. పెద్దకులాల ఆడపిల్లలను చెడగొడుతున్నది ఈ సినిమానే అన్నారు. పాట వస్తే ఎగిరిన ఊళ్లే ఆ మాట అన్నాయి.

ఈ ఆరోపణలో ఒక తమాషా ఉంది. సినిమా చూసి పిల్లలు ప్రేమించడం నేర్చుకున్నారంటారు. సినిమా చూసి పెద్దలు చంపడం నేర్చుకున్నారని ఎవరూ అనరు. నిజానికి ఆ రెండోదాన్ని నేర్పవలసిన పని ఏ సినిమాకూ లేదు. 'సైరాట్' వచ్చిన రెండేళ్లకు, 2018 సెప్టెంబరు 14న, మిర్యాలగూడలో గర్భిణి అయిన భార్యను ఆసుపత్రికి చూపించి బయటికి వస్తున్న ఒక దళిత యువకుణ్ని పట్టపగలు నరికి చంపారు. మామే మనుషులను పెట్టి చేయించాడని పోలీసులు తేల్చారు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి జీవితఖైదు విధించింది. ఆ రోజుల్లో మా పత్రిక కూడా అందరిలాగే 'పరువు హత్య' అని శీర్షిక పెట్టింది. ఎవరి పరువు? హంతకుడు తనకు తాను ఇచ్చుకున్న సాకును మనం శీర్షికగా అచ్చువేశాం. ఆ మాట ఇక ఈ పత్రికలో కనిపించదు. కుల హత్య అని రాస్తాం.

మంజులే మీద తరచూ వినిపించే ఇంకో మాట, ఆయన ప్రతి సినిమాలోనూ కులం తెస్తాడన్నది. మనం చిన్నప్పటి నుంచి చూసిన తెలుగు సినిమాల్లో ఊరిపెద్ద మీసం మెలేస్తాడు, పాలేరు తలపాగా తీసి చంకలో పెట్టుకుంటాడు, హీరో తన వంశం పేరు చెప్పి తొడ కొడతాడు. వాటిని ఎవరూ కుల సినిమాలనలేదు. కుటుంబ కథాచిత్రాలన్నారు! కెమెరాను చంకలో తలపాగా పెట్టుకున్నవాడి వైపు తిప్పినప్పుడు మాత్రం కులం కనిపించింది. 'సైరాట్'ను 2018లో హిందీలో తీసినప్పుడు కథను ఉదయపూర్‌కు మార్చి, కులాన్ని మాటమాత్రంగా మిగిల్చారు. ఆ సినిమా మీద ఏ ఊళ్లోనూ ఊరేగింపు జరగలేదు.

ఆయన చేసినదంతా గొప్పదని మేం అనడం లేదు. 'ఝుండ్' మూడు గంటలు సాగింది, ఒక గంట తగ్గి ఉంటే బాగుండేది. ఆయన రాసి, నటించిన 'ఘర్ బందూక్ బిర్యానీ' పేరులో ఉన్న రుచి సినిమాలో లేదు. 'ఝుండ్' సెట్టును పుణె విశ్వవిద్యాలయ మైదానంలో వేయడం మీద విద్యార్థులు పెట్టిన అభ్యంతరం కూడా కొట్టిపారేయదగ్గది కాదు. నాగపూర్ మురికివాడల పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిన విజయ్ బార్సే కథ అది. అందులోని ఒక ఆటగాడి జీవితకథ హక్కులు తనవని హైదరాబాదుకు చెందిన ఒక సినీ దర్శకుడు తెలంగాణలో కోర్టుకెక్కారు. స్టే వచ్చింది. దాన్ని ఎత్తివేయడానికి 2020 నవంబరులో సుప్రీంకోర్టు కూడా ఒప్పుకోలేదు. కరోనా సంగతి సరేసరి. 2022 మార్చి 4న గానీ సినిమా హాళ్లకు రాలేదు. హక్కుల వివాదాన్ని న్యాయస్థానాలు చూసుకుంటాయి. మాకు గుర్తుండిపోయింది వేరే. ఆ రెండేళ్లూ తెలుగు పత్రికల్లో వచ్చిన వార్తలన్నీ అమితాబ్ బచ్చన్ సినిమాకు హైదరాబాదులో చిక్కులన్న వరసలోనే వచ్చాయి, మావీ అంతే. దర్శకుడు ఒక వడ్డెర బిడ్డ అన్న వాక్యం ఒక్కటి మేం రాయలేదు.

ఎందుకు రాయలేదో చెప్పుకోవడం కష్టమేమీ కాదు. ఈ తాలూకాల్లో తెలుగు సంఘాలంటే వ్యాపారులు, ఉపాధ్యాయులు, మగ్గం పని నుంచి పైకి వచ్చిన కుటుంబాలు. ఉగాదికి పచ్చడి, కవి సమ్మేళనం, తెలుగు బడుల మూసివేత మీద ఒక తీర్మానం. ఆ తీర్మానాల్లో న్యాయం ఉంది, వాటిని మేం ప్రతి ఏడాదీ అచ్చువేస్తున్నాం. వడ్డెర బస్తీకి ఆహ్వానపత్రం వెళ్లిన ఏడాది మాత్రం మా పాత సంచికల్లో దొరకలేదు.

సరిహద్దు గీత ఈ కులాలతో ఆడే ఆట చూడండి. 1871 నాటి నేరస్త జాతుల చట్టం కింద పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసిన జాతులను 1952లో విడిచిపెట్టారు. మహారాష్ట్ర విముక్త జాతుల జాబితాలో వడర్, కైకాడి రెండూ ఉన్నాయి. అదే కైకాడి యవత్మాల్‌లో షెడ్యూల్డు కులం, పక్కనున్న నాందేడ్‌లో విముక్త జాతి. చంద్రపూర్ జిల్లాలో షెడ్యూల్డు కులమే గానీ ఒకప్పుడు నిజాం రాజ్యంలో ఉన్న రాజురా తాలూకాలో కాదు. నది దాటి ఆదిలాబాద్ వస్తే వాళ్ల దాయాదులైన ఎరుకలు షెడ్యూల్డు తెగ. వడ్డెరలేమో అక్కడ బీసీ-ఏ. నాందేడ్ జిల్లా కిన్వట్ పిల్లను నది దాటించి ఆదిలాబాద్‌లో ఇచ్చి పెళ్లి చేస్తే పుట్టే మనవడి ధ్రువపత్రం కోసం తాత ఎన్ని కచేరీలు తిరగాలో ఊహించుకోవచ్చు.

రాబోయే జనగణన 2027 మార్చి 1ని ఆధార తేదీగా పెట్టుకుంది. 1931 తర్వాత మొదటిసారి అందరి కులాన్నీ లెక్కిస్తారు. కులం గడి మీద ఇప్పటికే సభలు జరుగుతున్నాయి, కరపత్రాలు పంచుతున్నారు. మాతృభాష గడి గురించి ఎవరూ మాట్లాడటం లేదు. వడరి అని చెప్పిన ప్రతి ఇల్లూ తెలుగు లెక్కలోకే వస్తుంది. తెలుగు బడి కావాలని వినతిపత్రం ఇచ్చేటప్పుడు ఆ సంఖ్య మనకే పనికొస్తుంది. అందుకోసమైనా సంఘాల పెద్దలు ఆ బస్తీలకు వెళ్లాలి. వెళ్లేటప్పుడు ఒక ప్రొజెక్టరు, ఒక తెల్ల దుప్పటి, 'ఫాండ్రీ' తీసుకెళితే ఇంకా మంచిది. ఆ సినిమాకు అక్కడ అనువాదం అవసరం పడదు, పక్కన కూర్చున్న పెద్దలకు పడవచ్చు.

కిన్వట్, దెగ్లూరు విలేకరులకు ఈ నెల నుంచి వడ్డెర బస్తీల వార్తలు పంపమని చెప్పాం. మొదటిది వచ్చింది. ఒక బడి రిజిస్టరులో ఆ బస్తీ పిల్లలందరి మాతృభాష గడిలోనూ మరాఠీ అని ఉంది. చేర్పించడానికి వచ్చిన తల్లులను ఎవరూ అడగలేదు. ఆ వార్త ఈ రోజు మూడో పేజీలో ఉంది. మొదటి పేజీలో ఎందుకు వేయలేదని అడిగితే మా దగ్గర మంచి జవాబు లేదు.