దుప్పటి ఎత్తి చూడాల్సింది మనమే

మామయ్యకు పక్షవాతం వచ్చినప్పుడు బెంగళూరులో మేము మొదట ఎంచుకున్న రీహాబ్ (పునరావాస) కేంద్రంలో పెద్ద అక్వేరియం ఉండేది. ఫిజియోథెరపీ గదికి కొత్త రంగులు, వెనక తోట. మంచం దిగలేని మనిషికి ఆ చేపలు ఎప్పుడు కనిపిస్తాయని మాలో ఒక్కరికీ తట్టలేదు.

మంచాన పడ్డవారిని చూసుకునే చోటు వెతకబోతే అసలు పేరులోనే తికమక ఉంది. మనకు నర్సింగ్ హోమ్ అంటే కాన్పులు, చిన్నపాటి ఆపరేషన్లు జరిగే వీధి ఆసుపత్రి. అమెరికాలో స్థిరపడిన పిల్లలు అదే మాటను వృద్ధులు ఏళ్ల తరబడి ఉండే చోటు అనే అర్థంలో వాడతారు. అక్కడ 2008 నుంచి వాటికి ప్రభుత్వమే ఐదు నక్షత్రాల కొలమానంతో రేటింగ్ ఇస్తోంది. తనిఖీలో ఏం తేలిందో, సిబ్బంది ఎందరో ఎవరైనా చూసుకోవచ్చు. ఇక్కడ ఆ వసతి లేదు. కర్ణాటకలో ప్రైవేటు వైద్య సంస్థలకు 2007 నాటి చట్టం ఉన్నా, గోడమీది రిజిస్ట్రేషన్ పత్రం అనుమతి సంగతే చెబుతుంది. ఇంటర్నెట్‌లో మెచ్చుకోళ్లు రాసేది ఎక్కువగా కొడుకులూ కూతుళ్లే, మంచంమీది వాళ్లు కాదు.

మామయ్య ముప్పై ఏళ్లు ఈ ఊళ్లో కన్నడలోనే వ్యాపారం చేశారు. జబ్బు చేశాక నోటికి వచ్చింది తెలుగొక్కటే. ఒక రాత్రి "మడమ సలుపుతోంది" అన్నారట. కేర్‌టేకర్ అమ్మాయి చలి అనుకుని ఇంకో దుప్పటి కప్పింది. ఆమెను తప్పుపట్టలేను, ఆ రాత్రి ఆ అంతస్తు మొత్తానికి ఆమె ఒక్కతే. సలుపు వేరు, పోటు వేరు, తిమ్మిరి వేరు. వైద్యుడికి ఒక్కొక్కటి ఒక్కో సంగతి చెబుతుంది. మూడో రోజు మా అత్తయ్య దుప్పటి ఎత్తితే మడమ నల్లబడి ఉంది.

పడకపుండు రాకుండా రోగిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలన్నది నర్సింగ్‌లో పాత నియమం. చార్టు అడిగాం. గడులన్నీ నిండే ఉన్నాయి. మేము వెళ్లింది ఉదయం పదకొండుకు. మధ్యాహ్నం రెండు గంటల సంతకం కూడా అప్పటికే పడిపోయింది!

అందుకే ఇప్పుడు ఎవరైనా సలహా అడిగితే, రాత్రి ఎనిమిది దాటాక చెప్పకుండా వెళ్లమంటున్నాను. లోపలికి రానివ్వకపోతే అదీ ఒక జవాబే. రాత్రి ఎంతమంది రోగులకు ఒకరున్నారు, పిలిస్తే ఎంతసేపటికి వస్తున్నారు, ఆ వచ్చేవారికి పెద్దాయన భాష తెలుసా అన్నవి చూడాలి.

డబ్బు సంగతి తేలిగ్గా తేలుతుంది. డైపర్లు, ఫిజియోథెరపీ నెల ప్యాకేజీలో ఉన్నాయో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. ఆరోగ్య బీమా మీద ఆశ వద్దు; విశ్రాంతి, పునరావాసం కోసమే చేరడం సాధారణంగా మినహాయింపుల జాబితాలో ఉంటుంది. 70 ఏళ్లు నిండినవారికి 2024 అక్టోబరు నుంచి వర్తిస్తున్న ఆయుష్మాన్ భారత్ ఐదు లక్షలూ ఆసుపత్రి చికిత్సకే.

మామయ్యను చివరికి హొరమావు వైపు ఒక పాత రెండంతస్తుల ఇంటికి మార్చాం. తోట లేదు. రాత్రి ఆయా ముళబాగిలు మనిషి, ఇంట్లో మాట్లాడేది తెలుగే. అక్కడా చార్టు అడిగాం. తెల్లవారుజామున నాలుగు గంటల గడి ఖాళీగా ఉంది. ఏమిటని అడిగితే, "పక్క మంచం ఆయన పడిపోతే అటు పోయినానయ్యా, ఈయన్ని తిప్పలేకపోయినా" అంది.

ఆ రోజే అడ్వాన్సు కట్టాం.