సిమెంటుకు చివరి తనిఖీ సరిపోదు

సరుకు ఫ్యాక్టరీ గేటు దాటే ముందు గట్టిగా తనిఖీ చేస్తే నాణ్యతకు ఢోకా ఉండదని సరుకుల నాణ్యత మీద మీరు వేసిన వ్యాసంలో రాశారు. బిస్కెట్లకు చెల్లుతుందేమో గానీ, సిమెంటు దగ్గర ఈ మాట నిలబడదు. ఎర్రగుంట్ల వైపు ఒక ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేస్తున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

53 గ్రేడు సిమెంటు అంటే, దానితో పరీక్ష కోసం పోసిన క్యూబు (ఘనాకారపు దిమ్మ) 28 రోజులకు కనీసం 53 మెగాపాస్కల్స్ ఒత్తిడిని తట్టుకునే బలం చూపాలి. అన్నాళ్లు సరుకును గోడౌనులో ఎవరు ఉంచుకుంటారు? మా చేతికి ఆ ఫలితం వచ్చేసరికి బస్తా ప్రొద్దుటూరులో ఎవరి స్లాబులోనో గట్టిపడి ఉంటుంది. 3, 7 రోజుల పరీక్షలూ ఉన్నాయి, వాటికీ లారీ ఆగదు.

అందుకే అసలు పని రాయి దగ్గరే మొదలవుతుంది. గనిలో ఒక అంచెలో ఉన్న సున్నపురాయి లాంటిదే పక్క అంచెలో ఉండదు. ఎక్స్‌రే యంత్రంలో పొడి నమూనా చూసి ముడిసరుకుల పాళ్లు సరిచేస్తూనే ఉండాలి. బట్టీలో కాల్పు తగ్గితే క్లింకర్‌లో, అంటే కాలి గడ్డలుగా బయటికొచ్చే, తర్వాత సిమెంటుగా నూరే సరుకులో, కలవని సున్నం మిగులుతుంది. కట్టడం గట్టిపడ్డాక అది తేమకు ఉబ్బి పగుళ్లు తెస్తుంది. క్లింకర్‌ను జల్లించి, లీటరు కొలతలో పోసి తూస్తాం. తేలిగ్గా వచ్చిందంటే కాల్పు చాలలేదని అక్కడే అనుమానించాలి. మీ వ్యాసంలో ఈ లీటరు డబ్బా లేదు, గోడ మీది సర్టిఫికెట్ల ఫొటో మాత్రం పెద్దదిగా ఉంది!

డీలరు దగ్గర తేమ పట్టిన బస్తాకూ తిట్లు మాకే. కొనేవారు బస్తా మీద తయారీ తేదీ చూసుకోండి. మూడు నెలలు దాటితే మళ్లీ పరీక్ష చేయించకుండా వాడవద్దు.