కీలక పరిశ్రమల జాబితాలో దుమ్ముకు జరిగిన అన్యాయం

రామగుండం ఆర్థిక వ్యవస్థను నడిపిస్తున్న కీలక పరిశ్రమలు ఏవని ఏ పోటీ పరీక్షలో అడిగినా అభ్యర్థులు కళ్లు మూసుకుని నాలుగు పేర్లు రాసి వస్తారు. సింగరేణి బొగ్గు, ఎన్టీపీసీ విద్యుత్తు, ఎరువుల కర్మాగారం, బసంత్‌నగర్ సిమెంటు. మార్కులు పడుతున్నాయి కాబట్టి ఆ జవాబు తప్పని నేను అనబోవడం లేదు. అయితే ఆ నాలుగింటికీ ఒక ఉమ్మడి లక్షణం ఉంది. వాటి సరుకేదీ ఊళ్లో నిలవదు. బొగ్గు రైలెక్కుతుంది, కరెంటు తీగలు పట్టుకుని కర్ణాటక, తమిళనాడు, కేరళ, గోవాల దాకా పోతుంది, యూరియా బస్తాల్లోనూ సిమెంటు లారీల్లోనూ తమ దారిన తాము పోతాయి. ఊళ్లోనే పుట్టి, ఊళ్లోనే పెరిగి, రాత్రి పగలు అనకుండా ఊరి జనాన్నే అంటిపెట్టుకుని ఉండే ఉత్పత్తులను మాత్రం ఏ ప్రణాళికా సంఘమూ ఇంతవరకు పరిశ్రమగా గుర్తించలేదు. ఈ అన్యాయాన్ని సరిదిద్దవలసిందిగా సవినయంగా కోరడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఆ ఉత్పత్తులలో అగ్రతాంబూలం దుమ్ముకు దక్కాలి.

ఒకప్పుడు దుమ్ము ఇక్కడ కుటీర పరిశ్రమ. 1960 ప్రాంతంలో గోదావరి ఒడ్డున గనులు మొదలైన రోజుల్లో కార్మికుడు బాయిలోకి దిగి, తట్టా చెమ్మాసుతో (పారతో) పని చేసి, షిఫ్టు అయ్యాక తన ఒంటికి పట్టినంత దుమ్మును మాత్రమే ఇంటికి తెచ్చుకునేవాడు. ఉత్పత్తి తలసరి లెక్కన జరిగేది, పంపిణీ అతని కుటుంబం వరకే పరిమితమయ్యేది. ఓపెన్‌కాస్టులు, అంటే నేలను పైనుంచే తవ్వుకుంటూ పోయే గనులు, వచ్చాకే ఈ రంగం భారీ పరిశ్రమ స్థాయిని అందుకుంది. ఓపెన్‌కాస్టులో టన్ను బొగ్గు తీయాలంటే సుమారుగా ఐదారు ఘనపు మీటర్ల మట్టినీ రాయినీ తవ్వి పక్కన పోయాలి. పరిమాణాన్ని బట్టి చూస్తే సింగరేణి ముఖ్యంగా మట్టి తవ్వే సంస్థ, బొగ్గు దాని ఉప ఉత్పత్తి మాత్రమే. ఈ సత్యం సంస్థ పేరులో కనిపించకపోవడానికి, 1920 డిసెంబరు 23న ఆ పేరు నమోదు చేసినవారికి ఓపెన్‌కాస్టుల సంగతి తెలియకపోవడమే కారణం అయి ఉంటుంది. అలా పోసిన మట్టి దిబ్బలు ఇప్పుడు గుట్టలుగా లేచి నిలబడ్డాయి. దేవుడు సృష్టించిన గుట్టలకు మొనలుంటాయి, ఓబీ (ఓవర్‌బర్డెన్, అంటే బొగ్గు పైనుంచి తీసిన మట్టి) గుట్టలకు మాత్రం డంపర్లు తిరగడానికి వీలుగా పైన చదునుగా ఉంటుంది. ప్రకృతి చేయలేని సౌకర్యం ఇది.

ఉపాధి విషయంలో కూడా దుమ్ముదే పైచేయి. 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న సింగరేణి పర్మినెంటు కార్మికుల సంఖ్య ఇప్పుడు నలభై వేల దగ్గరికి వచ్చింది. అదే కాలంలో బొగ్గు ఉత్పత్తి పెరిగింది, దుమ్ము కూడా పెరిగింది, మనుషులు మాత్రం తగ్గారు. దుమ్ము ఎవరినీ రిటైర్ చేయలేదు. ఛాతీ డాక్టర్లు, మందుల దుకాణాలు, బండ్లు కడిగే షెడ్లు, సబ్బుల ఏజెన్సీలు అన్నీ దానిమీదే బతుకుతున్నాయి. వీటన్నిటికంటే నేను మెచ్చుకునేది నీళ్ల ట్యాంకరు వ్యవస్థ. బొగ్గు లారీలు తిరిగే రోడ్డు మీద దుమ్ము లేవకుండా ట్యాంకరు వచ్చి నీళ్లు చల్లుతుంది. ఆ నీళ్లకు దుమ్ము బురద అవుతుంది. ఆ బురదను లారీ చక్రాలు పట్టుకుపోయి, అంతవరకు దుమ్ము ఎరుగని రోడ్ల మీద అంటిస్తాయి. ఎండకు అది ఆరి మళ్లీ లేస్తుంది. అప్పుడు ఆ రోడ్డుకు కూడా ట్యాంకరు కావలసి వస్తుంది. ముడిసరుకు ఎన్నటికీ తరగని ఇటువంటి పరిశ్రమను చూసి కూడా వృత్తాకార ఆర్థిక వ్యవస్థ గురించి నేర్చుకోవడానికి అధికారులు విదేశాలకు వెళ్లవలసిన అవసరం ఏమిటో తెలియదు.

ఎయిట్ ఇంక్లైన్ కాలనీ వైపు బ్లాస్టింగ్ వేళకు ఏదైనా ఇంట్లో కూర్చుని చూడండి. ఇల్లాలు గడియారం చూడకుండానే లేచి, షెల్ఫులో అంచుకు వచ్చిన స్టీలు డబ్బాలను లోపలికి నెడుతుంది. నేల ఒకసారి వణుకుతుంది. గోడ మీది పటం కాస్త పక్కకు ఒరుగుతుంది, ఆమె దాన్ని సరిచేసి, దండెం మీది బట్టలు తీయడానికి బయటికి పరిగెత్తుతుంది. బడిపిల్లవాడి తెల్ల చొక్కా ఆరేలోగా ఏ రంగుకు మారిందో చూసి ఆ రోజు గాలి ఏ వైపు నుంచి వీచిందో ఆమె చెప్పగలదు. నలుపైతే ఓపెన్‌కాస్టు, బూడిద రంగైతే పవర్ ప్లాంటు. వాతావరణ శాఖ పరికరాల కోసం పెట్టే ఖర్చు ఈ ఇల్లాళ్లకు జీతంగా ఇచ్చినా సరిపోతుందని నా అభిప్రాయం.

బూడిదను విడిగా ప్రస్తావించకపోతే నాపై పక్షపాత నింద వస్తుంది. మన బొగ్గులో దాదాపు మూడో వంతు బూడిదే కాబట్టి, ఎన్టీపీసీ 2,600 మెగావాట్ల కేంద్రం రాత్రింబవళ్లు మండుతుంటే ఏ స్థాయిలో బూడిద పోగుపడుతుందో ఊహించుకోవచ్చు. దానికి తోడు పక్కనే తెలంగాణ ప్లాంటు 1,600 మెగావాట్లతో చేరింది. ఎండాకాలం గాలి లేచినప్పుడు కుందనపల్లి చెరువు ఊళ్ల మీదికి కదులుతుంది. చెరువు అంటే నీళ్ల చెరువు అని పొరబడకండి, బూడిద చెరువు. అన్నం వడ్డించుకున్నాక కంచం మీద ఇంకో కంచం బోర్లించుకుని తినే పద్ధతిని ఆ చుట్టుపక్కల ఊళ్లవారు అప్పుడే కనిపెట్టారు. ఎండ సంగతి మరీ వివరంగా రాయనక్కరలేదు. ఏటా మే నెలలో రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతల పట్టికలో రామగుండం పేరు పత్రికల్లో పైవరుసలోనే ఉంటుంది, ఇంతటి ప్రచారం ఊరికి ఉచితంగా లభిస్తోంది.

ఇక ఎరువుల కర్మాగారం చరిత్రలో ఆర్థిక శాస్త్ర విద్యార్థులు తెలుసుకోవలసిన సూక్ష్మం ఒకటుంది. బొగ్గు కాళ్ల కిందే ఉంది కదా అని బొగ్గుతో యూరియా చేసే కర్మాగారాన్ని ఎఫ్‌సీఐ (కేంద్ర ప్రభుత్వ ఎరువుల సంస్థ) ఇక్కడ కట్టింది. అది 1980లో మొదలై, తెరిచిన రోజుల కంటే ఆగిన రోజులే ఎక్కువగా గుర్తుండేలా నడిచి, 1999లో మూతపడింది. తరువాత రెండు దశాబ్దాలకు పైగా ఆ స్థలంలో తుప్పు పరిశ్రమ నడిచింది. 2021 మార్చిలో ఆర్‌ఎఫ్‌సీఎల్ (రామగుండం ఫర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ లిమిటెడ్) పేరుతో కొత్త కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. ఈసారి ఏడాదికి 12.7 లక్షల టన్నుల సామర్థ్యం. బొగ్గు మీద కూర్చున్న ఈ కర్మాగారానికి కావలసిన గ్యాసు మాత్రం కాకినాడ దగ్గరి మల్లవరం నుంచి వందల కిలోమీటర్ల గొట్టంలో వస్తుంది. అలా తయారైన యూరియా కోసం 2025 వానకాలంలో తెలంగాణ రైతులు తెల్లవారకముందే సొసైటీల ముందు చెప్పులు వరుసలో పెట్టి, తాము చెట్టు నీడలో కూర్చోవలసి వచ్చింది. దీపం కింద చీకటి అన్న సామెతకు ప్రభుత్వ పెట్టుబడితో ఇంత పెద్ద ఉదాహరణ మరెక్కడా నిర్మించలేదు.

శంకుస్థాపనల రంగానికి కూడా ఈ ఊరు చేసిన సేవ తక్కువేమీ కాదు, కానీ ఆ రంగం కూడా చాలావరకు ఇక్కడి నుంచి బయటికి తరలిపోయింది. ఈ ఎరువుల కర్మాగారానికీ, తెలంగాణ విద్యుత్ కేంద్రానికీ ప్రధాని 2016 ఆగస్టు 7న శంకుస్థాపన చేసింది రామగుండంలో కాదు, గజ్వేల్ దగ్గరి కోమటిబండలో. ఆ విద్యుత్ కేంద్రంలోని తొలి యూనిట్‌ను 2023 అక్టోబరులో జాతికి అంకితం చేసింది నిజామాబాదులో. విభజన చట్టం 4,000 మెగావాట్లు ఇస్తానంది, తొలి దశలో 1,600 వచ్చాయి, మిగిలినవి ఏ ఊరి సభలో అంకితమవుతాయో చూడాలి. ఎరువుల కర్మాగారం మాత్రం అదృష్టవంతురాలు. ఏడాదిన్నరకు పైగా యూరియా తీసి అమ్ముకున్న తరువాత 2022 నవంబరులో ప్రధాని స్వయంగా రామగుండం వచ్చి దాన్ని జాతికి అప్పగించారు. అంతవరకు అది తీసిన యూరియా ఎవరిదన్న ప్రశ్నను మర్యాద కొద్దీ ఎవరూ అడగలేదు.

నేను మనసుపెట్టి అధ్యయనం చేసిన పరిశ్రమ మాత్రం అన్‌ఫిట్ పరిశ్రమ. సింగరేణిలో వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టివేసిన తరువాత, కారుణ్య నియామకాల పేరుతో ఆ దారి మళ్లీ తెరుచుకుంది. దాని ప్రకారం, తీవ్రమైన జబ్బుతో ఇక డ్యూటీ చేయలేడని మెడికల్ బోర్డు తేల్చిన కార్మికుడి కొడుక్కో కూతురికో ఉద్యోగం వస్తుంది. పథకం మంచిదే, కాదనేవారు లేరు. అయితే కొలత చాలా సున్నితమైనది. జబ్బు తక్కువైతే బోర్డు ఫిట్ అని తిప్పి పంపుతుంది, రిటైర్మెంటుకు రెండేళ్ల లోపుకు వచ్చాక జబ్బు చేస్తే గడువు దాటిందంటుంది. అందువల్ల బాధ్యత గల తండ్రి తన గుండెను, కీళ్లను, చెవులను, కొడుకు వయోపరిమితిని ఒకే క్యాలెండరులో వేసుకుని చూసుకోవాలి. ఆ పరిమితిని ముప్పై అయిదు నుంచి నలభైకి పెంచినప్పుడు ఎందరు తండ్రులు తమ జబ్బును అయిదేళ్లు వాయిదా వేసుకుని ఊపిరి పీల్చుకున్నారో ఏ పత్రికా రాయలేదు. పైరవీలు చేసిపెడతామని చెప్పేవారూ, వారికి డబ్బిచ్చి మోసపోయామని చెప్పేవారూ టీ కొట్టు దగ్గర ఒకే బల్ల మీద కూర్చుంటారు. ఇంటి పెద్దకు పని చేయలేనంత జబ్బుందని డాక్టర్లు రాసిచ్చిన రోజున వీధంతా మిఠాయిలు పంచే నగరం దేశంలో ఇంకెక్కడైనా ఉంటే, ఆ నగరంలోనూ బొగ్గు ఉందేమో విచారించవలసి ఉంటుంది.

సింగరేణి కార్మికులకు పంచే లాభాల వాటా పండుగ గురించి కొందరు ఆర్థికవేత్తలు తక్కువగా మాట్లాడుతుంటారు, వారికి లెక్కలు రావు. 2024 సెప్టెంబరులో ప్రకటించిన వాటాను చూడండి. సంస్థకు వచ్చిన నికర లాభం 4,701 కోట్లు. అందులోంచి విస్తరణ కోసమని 2,289 కోట్లు ముందుగా పక్కన పెట్టి, మిగిలిన 2,412 కోట్లలో 33 శాతం, అంటే 796 కోట్లు కార్మికులకు పంచారు. మొత్తం లాభంలో అది పదిహేడు శాతం అవుతుందని వాదించిన యూనియన్లకు శాతాల్లోని సౌందర్యం తెలియదు. శాతం పెంచకుండా లాభాన్ని తగ్గించవచ్చు, లాభం తగ్గించకుండా శాతాన్ని పెంచవచ్చు, రెండూ ఒకేసారి చేసి ఇద్దరినీ మెప్పించడం మాత్రం అరుదైన విద్య. పర్మినెంటు కార్మికుడికి సగటున 1.90 లక్షలు వచ్చాయి. అదే గనిలో, అదే దుమ్ములో, చాలాసార్లు అదే పని చేసే కాంట్రాక్టు కార్మికుడికి తొలిసారిగా 5,000 రూపాయలు ఇచ్చారు. చరిత్రలో తొలిసారి అన్న మాట కూడా దాంతోపాటే వచ్చింది కాబట్టి మొత్తం విలువ అయిదు వేలకు మించే ఉంటుంది.

ఆ డబ్బు లక్ష్మీనగర్ బంగారు దుకాణాల్లోకి పోతుందని అనుకుంటే అది సగం నిజం. మిగతా సగం చూడాలంటే జీతాల రాత్రి ఏటీఎం దగ్గర నిలబడాలి. వడ్డీకి అప్పిచ్చినాయన పంపిన కుర్రాడు రబ్బరు బ్యాండు వేసిన కార్డుల కట్టతో వస్తాడు, ఒక్కో కార్డు వెనక అంటించిన చీటీ మీద పిన్ నంబరు ఉంటుంది. ఒకదాని తరువాత ఒకటి గీకి, నోట్లు లెక్కపెట్టి, చీటీ మీద టిక్కు పెట్టుకుంటాడు. కార్డు సొంతదారు పక్కనే నిలబడి, ఈ నెల తనకేమైనా మిగిలిందా అని మర్యాదగా అడుగుతాడు. బ్యాంకు ఉద్యోగులు లేని శాఖ, తాళం లేని లాకరు, సంతకం లేని ఖాతా! డిజిటల్ లావాదేవీల్లో మనం ఇంత ముందుకు పోయామన్న సంగతి ఢిల్లీకి ఇంకా చేరినట్టు లేదు.

ఈ రంగాలన్నిటినీ కీలక పరిశ్రమలుగా ప్రకటించాలని వినతిపత్రం సిద్ధం చేశాను. ఎవరికి ఇవ్వాలన్నదే సమస్య. జిల్లా కేంద్రం కావలసినంత పెద్ద ఊరే అయినా 2016లో ఆ గౌరవం పెద్దపల్లికి పోయింది. సింగరేణి ప్రధాన కార్యాలయం కొత్తగూడెంలో ఉంది, ఎన్టీపీసీది ఢిల్లీలో ఉంది. ఊళ్లో ఉన్నది ఉత్పత్తే తప్ప నిర్ణయం కాదు.

ఇంతకీ నా అసలు ఆందోళన వేరు. బొగ్గు ఏదో ఒకనాడు అయిపోతుంది. బొగ్గు తవ్వేసిన మేడిపల్లి ఓపెన్‌కాస్టు గుంతలో నీళ్లు ఉన్నాయి కాబట్టి పంప్డ్ స్టోరేజీ కేంద్రం (నీళ్లను పైకి తోడి, కిందికి వదిలి కరెంటు తీసేది) కడతామని సింగరేణి అంటోంది. గుంతకు భవిష్యత్తు ఉంది, సంతోషం. దుమ్ముకేది దిక్కు? పాత బొగ్గు పట్టణం బెల్లంపల్లి అనుభవం మన కళ్ల ముందే ఉంది. అక్కడి బాయిలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి, షిఫ్టు సైరన్లు ఆగాయి, క్వార్టర్లు ఖాళీ అయ్యాయి, దుమ్ము పరిశ్రమ కూడా దానంతటదే కూలిపోయింది. ఇప్పుడు ఆ ఊళ్లో ఆరేసిన బట్టలు ఆరేసినట్టే తెల్లగా ఉంటాయట, అద్దెకు ఇళ్లు కావలసినన్ని దొరుకుతాయట. సింగరేణి కాగితాల మీద బెల్లంపల్లి ఏరియా అన్న పేరు మాత్రం భద్రంగా ఉంది, ఆ ఏరియా జనరల్ మేనేజరు కార్యాలయం గోలేటిలో ఉంది. రామగుండం పేరు పెట్టుకోవడానికి కూడా అలాంటి ఊరొకటి ఇప్పటినుంచే చూసి పెట్టమని అధికారులను కోరుతున్నాను.