వారంలో ఒక్క గంట పని: నిరుద్యోగిత లెక్కలో జారిపోతున్నదేమిటి?

2023 జూలై నుంచి 2024 జూన్ వరకు దేశంలో నిరుద్యోగిత 3.2 శాతమని ఆవర్తన శ్రామిక శక్తి సర్వే (పీఎల్ఎఫ్ఎస్) తేల్చింది. అదే సర్వే, అవే ఇళ్లు. వారం లెక్కన చూస్తే మాత్రం 4.9 శాతం. రెండూ తప్పుడు లెక్కలు కావు, అడిగిన ప్రశ్నలే వేరు.

మొదటిది 'సాధారణ స్థితి'. గడచిన 365 రోజుల్లో మనిషి ఎక్కువ కాలం ఏం చేశాడో చూస్తారు. ఒక కుర్రాడు మూడు నెలలు కొరియర్ సంచి మోసి, నాలుగు నెలలు ఉద్యోగం కోసం తిరిగి, మిగతా ఐదు నెలలు చదువుకున్నాడనుకుందాం. పని, వెతుకులాట కలిపితే ఏడు నెలలు కాబట్టి శ్రామిక శక్తిలోకి వస్తాడు. ఆ ఏడింటిలో వెతుకులాటే ఎక్కువ కాబట్టి ప్రధాన స్థితిలో నిరుద్యోగి. అయితే ఏడాదిలో 30 రోజులు పనిచేసినా అనుబంధ స్థితి కింద ఉపాధి ఉన్నట్టే లెక్క. మొదటి పేజీకెక్కే 3.2 ఈ రెండు స్థితులూ కలిపి తీసింది. అందులో మనవాడు నిరుద్యోగి కాడు!

వారం లెక్కకైతే ఏడు రోజుల్లో ఏదో ఒకరోజు ఒక్క గంట చేస్తే చాలు, ఉపాధి ఉన్నట్టే. 2025 ఏప్రిల్ నుంచి నెలనెలా వస్తున్న అంకె ఇదే (ఆ నెలకు 5.1 శాతం). గంట నిబంధన అంతర్జాతీయ ప్రమాణమే. నెలజీతాల దేశాల్లో అది పెద్దగా ఇబ్బంది పెట్టదు, ఇబ్బందల్లా కూలి పనుల దగ్గరే.

గుంటూరు వైపు మిర్చి కోతలు తగ్గుముఖం పట్టిన వారంలో ఒక కూలీని తీసుకోండి. రెండు రోజులు పని దొరికింది. మూడు రోజులు మేస్త్రీ పిలిస్తే వెళ్లేదే, పిలుపు రాలేదు. రెండు రోజులు ఇంటి పనితో సరిపోయింది. వారం లెక్కలో ఆమెకు ఉపాధి ఉంది. నిరుద్యోగిత అంచనాలను పరిశీలించిన దంత్వాలా కమిటీ 1970లో ఇచ్చిన నివేదిక ఆధారంగా 1972-73 సర్వేలో మొదలైన 'రోజువారీ స్థితి'లో అయితే ఐదు శ్రమదినాల్లో మూడు ఖాళీ, అంటే 60 శాతం. నాలుగు గంటల లోపు పనిని అది అరరోజుగానే రాసుకునేది. అల్ప ఉద్యోగితను (చేయగలిగినంత పని దొరకకపోవడాన్ని) పట్టుకునే ఆ కొలత ఇప్పుడు పతాక శీర్షికల్లో లేదు.

ఇంకో చిక్కు జీతం లేకున్నా ఉపాధి ఉన్నట్టే లెక్కకొచ్చే ఇంటి సహాయకులది. కుటుంబ పొలంలోనో కొట్టులోనో చేయి వేసేవారు 2017-18లో పనివారిలో 13.6 శాతం, 2023-24లో 19.4 శాతం. ఇదే కాలంలో మహిళల శ్రామిక భాగస్వామ్యం 23.3 నుంచి 41.7 శాతానికి ఎగబాకింది. ఈ పెరుగుదలలో కూలి డబ్బు ఎంతమంది చేతికి వచ్చిందో చూడకుండా సంబరపడటం తొందరపాటు. పైగా ఇంట్లో మహిళ ఏం చేస్తోందో సర్వేలో చాలాసార్లు చెప్పేది ఇంటి పెద్ద.

కొత్త సర్వే అక్కర్లేదు. ఏ రోజు ఎన్ని గంటలు చేశారో, ఇంకెన్ని గంటలు చేయడానికి సిద్ధమో ఎన్యూమరేటర్లు ఇప్పటికే అడిగి రాసుకుంటున్నారు. వార్షిక నివేదిక వెనక పట్టికల్లో ఉండిపోతున్న ఆ గంటలను నెలవారీ బులెటిన్‌లో నిరుద్యోగిత అంకె పక్కనే అచ్చువేయాలి.