ఇడ్లీబండి ఆవిడ కార్డు

చెన్నైలో మా వీధి మొదట్లో కావలి నుంచి వచ్చిన ఒకావిడ ఇడ్లీబండి నడుపుతుంది. చిల్లర డబ్బాలో, ప్లాస్టిక్ కవర్లో చుట్టి రబ్బరు బ్యాండు వేసిన కార్డు ఒకటి దాచుకుంటుంది. వీధి వ్యాపారిగా ప్రభుత్వం ఇచ్చిన గుర్తింపు కార్డు. "ఇది లేనప్పుడు ఎవరు పడితే వాళ్లొచ్చి బండి తియ్యమనేవాళ్లు సార్" అంది మొన్న చట్నీ వేస్తూ.

ప్రభుత్వం మన జోలికి ఎంత తక్కువగా వస్తే అంత మంచిదనే లిబర్టేరియన్ వాదానికి మొదట ఈవిడే మద్దతివ్వాలి. తన రెక్కల కష్టం మీద బతుకుతోంది, అనుమతుల బాధ అనుభవించింది. అయినా ఆమెకు స్వేచ్ఛ సర్కారు ముద్రతోనే వచ్చింది. ఆ వాదం జనంలోకి ఎందుకు వెళ్లదో నాకు ఇక్కడే అర్థమైంది.

అచ్చంగా లిబర్టేరియన్ అనలేం గానీ, మన దేశంలో ఆ భావాలకు దగ్గరగా వచ్చిన పెద్ద పార్టీ స్వతంత్ర. రైతులు భూములు కలిపి సాగుచెయ్యాలనే సహకార వ్యవసాయంపై కాంగ్రెస్ నాగపూర్ తీర్మానం చేసిన 1959లోనే రాజాజీ ఈ మద్రాసులో దాన్ని ప్రకటించారు. అధ్యక్షుడు మన గుంటూరు జిల్లా ఆచార్య రంగా. భూమి పోతుందన్న రైతు భయం నిజమైనదే. 1967లో లోక్‌సభలో 44 సీట్లు వచ్చాయి, 1971లో ఎనిమిదే మిగిలాయి.

ఆ 1967లోనే మద్రాసులో స్వతంత్ర డీఎంకేతో జతకట్టింది. డీఎంకే ఇచ్చిన మాట రూపాయికి మూడు పడుల (పడి అంటే తమిళనాట ఒక కొలత) బియ్యం! 1952లో ముఖ్యమంత్రిగా బియ్యంపై సర్కారు కంట్రోలు ఎత్తేసింది ఇదే రాజాజీ. అప్పుడూ జనం మెచ్చుకున్నారు, బజారుకు బియ్యం వచ్చాయి కాబట్టి. వాళ్లు చూసింది ఇంట్లో అన్నం ఉడికిందా లేదా అన్నదే.

ఇంకో కారణం ఇంతకంటే లోతైనది. ఊరి బావిలో చేద వెయ్యనివ్వంది ప్రభుత్వం కాదు, పక్కింటివాళ్లు. 1955లో అంటరానితనాన్ని శిక్షించే చట్టం తెచ్చింది ప్రభుత్వం. స్వతంత్ర వెనక రాజులూ జమీందార్లూ నిలబడ్డారు. వాళ్ల నోట స్వేచ్ఛ అన్న మాట వింటే కూలివాడికి ఎలా నమ్మకం కలుగుతుంది?

అమెరికాలోనూ 1971లో పుట్టిన లిబర్టేరియన్ పార్టీకి అధ్యక్ష ఎన్నికల్లో అన్నిటికంటే ఎక్కువగా వచ్చింది 2016లో మూడు శాతం చిల్లర ఓట్లే. ధరలు ఏడాదిలో రెట్టింపు దాటిన అర్జెంటీనాలో మాత్రం 2023 అధ్యక్ష ఎన్నికల్లో లిబర్టేరియన్‌నని చెప్పుకునే మిలేయి గెలిచాడు.

చెన్నైలో ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డు ఆఫీసుల్లో పనిచేసే మన కుర్రాళ్లు స్వేచ్ఛ అంటే ఇన్‌కం టాక్స్ దగ్గరే ఆగిపోతారు. ఆవిడ నన్ను అడిగింది వేరు: "ఈ కార్డు మా అమ్మాయి పేరు మీదికి మార్చుకోవచ్చా సార్?" 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ఆవిడ చనిపోతేనో, మంచాన పడితేనో తప్ప కుదరదు. ఇరవై ఏళ్లు నిలబడి సంపాదించుకున్న ఆ చోటు ఆవిడ ఆస్తి అని ఎవరైనా గట్టిగా వాదించాలంటే, ఆ వాదించాల్సింది లిబర్టేరియన్లే.