కాప్రున్ కేసులో అందరూ నిర్దోషులేనట!

ఆల్ప్స్‌లో కొండెక్కే కేబుల్ రైళ్ల వీడియోలు ఈమధ్య తెగ తిరుగుతున్నాయి. ఏది చూసినా "సేఫ్టీ అంటే వీళ్లదే, మనవాళ్లు చూసి నేర్చుకోవాలి" అనేవాళ్లు తగులుతున్నారు. నేర్చుకుందాం, ఎవరు వద్దన్నారు? కానీ ఆస్ట్రియాలోని కాప్రున్‌లో 2000లో అలాంటి కేబుల్ రైలే తగలబడిన సంగతి కూడా ఓసారి తెలుసుకోండి. దాన్ని "ఎవరూ ఊహించలేని ప్రమాదం" అని తేల్చేసేవాళ్లున్నారు.

ఆస్ట్రియాలో కిట్జ్‌స్టైన్‌హార్న్ అనే మంచుకొండ మీదికి స్కీయింగ్ చేసేవాళ్లను తీసుకెళ్లడానికి 1974లో మొదలైన లైను అది. ఒక కేబుల్, రెండు రైళ్లు, ఒకటి ఎక్కుతుంటే ఇంకోటి దిగేది. సుమారు 3.9 కి.మీ. దారిలో 3.2 కి.మీ. సొరంగమే. లాగే మోటారు స్టేషన్లో ఉండేది, రైల్లో ఇంజిన్ లేదు, కాబట్టి నిప్పు పుట్టే ప్రసక్తే లేదనుకున్నారు. అందుకే ప్రయాణికుల చేతికందేలా ఒక్క ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ లేదు, కిటికీ పగలగొట్టడానికి సుత్తీ లేదు.

నిప్పు పుట్టదన్న ఆ రైల్లోనే డ్రైవర్ క్యాబిన్‌లో చలికని ఇళ్లలో వాడుకునే ఫ్యాన్ హీటర్ బిగించారు! వాహనాల్లో వాడొద్దని దాని మాన్యువల్లోనే రాసి ఉంది. పక్కనే బ్రేకుల్నీ తలుపుల్నీ ఆయిల్ ప్రెషర్‌తో నడిపించే హైడ్రాలిక్ పైపులు.

2000 నవంబర్ 11 పొద్దున హీటర్ అంటుకుంది, ఆయిల్ కారి మంట పెరిగింది, ప్రెషర్ పడిపోగానే బ్రేకులు వాటంతటవే పడి రైలు సొరంగంలోకి 600 మీటర్లు వెళ్లాక ఆగిపోయింది. తలుపులూ హైడ్రాలికే, ఇక ఎలా తెరుచుకుంటాయి? వెనక పెట్టెలో కొందరు స్కీ కర్రలతో కిటికీ బద్దలుకొట్టుకుని బయటపడ్డారు. వాళ్లలో ఒక వలంటీర్ ఫైర్‌మ్యాన్ ఉండబట్టి, పైకి వద్దు, మంట పక్కనుంచే కిందికి దిగండి అన్నాడు. మంట కింద ఉంటే ఎవరైనా పైకే పరిగెత్తుతారు కదా, కానీ ఏటవాలు సొరంగం పొగగొట్టమే, పొగ మనకంటే ముందే పైకి చేరుతుంది. మొత్తం 155 మంది పోయారు, ఆ రైల్లోంచి బతికి బయటపడింది 12 మందే. ఎదురుగా దిగుతున్న రైల్లో ఇద్దరూ, ఎక్కడో పైన స్టేషన్ దగ్గర ముగ్గురూ కూడా ఆ పొగకే పోయారు.

కేసు 16 మంది మీద పెట్టారు. 2004లో అందరినీ వదిలేశారు, లోపం హీటర్ తయారీలో ఉందన్నారు. 2007లో, హీటర్ కంపెనీది జర్మనీ కాబట్టి, అక్కడి ప్రాసిక్యూటర్లేమో తయారు చేసినవాళ్ల తప్పు లేదు, బిగించిన తీరులోనే తప్పుందని తేల్చి ఫైలు మూసేశారు. బాగుంది, బిగించినవాళ్లదీ కాదు, చేసినవాళ్లదీ కాదు! తీర్పులు రాకముందే, 2001లోనే, కొండమీదికి గోండోలా (తీగమీద వేలాడుతూ వెళ్లే పెట్టెలు) వేసి స్కీయింగ్ నడిపించుకున్నారనుకోండి, అది వేరే సంగతి.

2013లో పాలెం దగ్గర బస్సు తగలబడి 45 మంది పోతే నిర్లక్ష్యం అని నోటికొచ్చినట్టు తిట్టాం, తిట్టాల్సిందే. మరి కాప్రున్ మాత్రం "ఎవరూ ఊహించలేని ప్రమాదం" ఎలా అవుతుంది? వాహనంలో వాడొద్దని మాన్యువల్లో రాసిన హీటర్‌ని ఆయిల్ పైపుల పక్కన బిగించాక ఇంకా ఊహించడానికేముంది?