వీసా కాగితంలో ఆ ఒక్క అక్షరం చదవండి

మొన్న శనివారం సాయంత్రం శ్రీకాకుళం జిల్లా సోంపేటలోని మా నెట్ సెంటర్‌కు కవిటి వైపు నుంచి తండ్రీకొడుకులు వచ్చారు. అబ్బాయి డిగ్రీ పూర్తి చేసి రెండేళ్లయింది. వాట్సాప్‌లో వచ్చిన వీసా కాగితాన్ని రెండు కాపీలు ప్రింటు తీయమన్నాడు. కంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగమనీ, నెలకు అరవై వేలు జీతమనీ, భోజనం, గది కంపెనీవేననీ ఏజెంటు చెప్పాడట. ప్రింటర్‌లోంచి కాగితం బయటికి వస్తుండగా నా చూపు వీసా రకం రాసి ఉన్న గడి మీద పడింది. అక్కడ ‘టి’ అనే ఒకే ఒక్క అక్షరం ఉంది. గడువు 30 రోజులు. కంబోడియా ఇచ్చే వీసాల్లో ‘టి’ అంటే పర్యాటకులది. అక్కడ ఉద్యోగం చేయాలంటే ‘ఇ’ తరగతి వీసా మీద వెళ్లాలి. ఆ మాట చెబితే అబ్బాయి, "అక్కడికి వెళ్లాక మార్చేస్తారంట సార్" అన్నాడు. తండ్రి మాత్రం కాగితం చేతిలోకి తీసుకొని, "ఏటి బాబూ, అయితే ఇది ఉజ్జోగం కాయితం కాదా?" అని అడిగారు. ఆయన అప్పటికే జీడితోట మీద అప్పు తెచ్చి ముప్పై వేలు అడ్వాన్సు కట్టారు. అబ్బాయి పాస్‌పోర్టు ఏజెంటు దగ్గరే ఉంది.

2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా కేసు గుర్తున్నవారికి ఆ ‘టి’ అక్షరం ఎక్కడికి దారి తీస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మి వెళ్లిన మన ప్రాంతపు కుర్రాళ్లను గదుల్లో బంధించి, సైబర్ మోసాలు చేయించారు. అంత పెద్ద వార్త వచ్చిన తరువాత కూడా అదే దేశం, అదే ఉద్యోగం పేరుతో కాగితం మా కౌంటరు మీదికి వచ్చిందంటే లోపం ఆ అబ్బాయిది మాత్రమే కాదు. వీసాలో ఏం రాసి ఉందో చూడమని బడిలోగానీ, కాలేజీలోగానీ అతనికి ఎవరూ చెప్పలేదు.

విదేశాలకు వెళ్లవద్దని నేను ఎవరికీ చెప్పను. ఉద్దానంలో ఆ మాట చెప్పే హక్కు ఎవరికీ లేదనుకుంటాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఒక్క రాత్రిలో కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. మళ్లీ నాటిన కొబ్బరి కాపుకు రావడానికి ఎన్నేళ్లు పడుతుందో ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇచ్ఛాపురం నుంచి పలాస దాకా ఏ ఊరు చూసినా వెల్డరో, పైప్ ఫిట్టరో, రిగ్గరో గల్ఫ్ నుంచి పంపిన డబ్బుతో కట్టిన శ్లాబు ఇళ్లు కనిపిస్తాయి. నా బాధల్లా ఒక్కటే. ఇంత కాలంగా వలస వెళ్తున్న జిల్లాలో ఇప్పటికీ మొదటి ప్రశ్న "ఎంతవుతుంది?" అనే, "ఏ వీసా?" అన్న ప్రశ్న విమానం ఎక్కే ముందు రోజు వస్తుంది, లేదా అసలు రాదు.

గల్ఫ్ సంగతే తీసుకోండి. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషులను తీసుకునే ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు నిజమైనదో కాదో కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడటానికి రెండు నిమిషాలు చాలు. మా సెంటర్‌కు వచ్చి అడిగితే నేను ఉచితంగా చూసి చెబుతాను. ఏజెంటు తన సేవకు తీసుకోగల రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అన్నీ కలిపి 35,400. దానికి రసీదు ఇవ్వాలి. మన దగ్గర లక్ష, లక్షన్నర చేతిలో పెట్టి, రసీదు అడిగితే ఏజెంటు నొచ్చుకుంటాడేమోనని మొహమాటపడుతున్నారు. అప్పు తెచ్చిన డబ్బుకు మొహమాటం ఎందుకు?

వీసాలో పని పేరు ఏమని రాసి ఉందన్నది మరో ముఖ్యమైన విషయం. ట్రేడ్ టెస్టులో (పనితనం పరీక్షలో) వెల్డర్‌గా పాసైన మనిషికి సాధారణ లేబర్ వీసా వస్తే, దిగిన తరువాత జీతం కూడా దాని ప్రకారమే ఉంటుంది. సౌదీ వీసాలో పని పేరు అరబిక్‌లో ఉంటే మనవారు చదవలేరు. గల్ఫ్ నుంచి తిరిగి వచ్చినవారు ప్రతి ఊళ్లో ఉన్నారు. వారిలో ఒకరికి చూపించి చదివించుకోవడానికి సిగ్గుపడకూడదు.

ఇక్కడ చాలామందికి తెలియని చిక్కు ఒకటుంది. పదో తరగతి పాసవ్వని వారికి ఇసిఆర్ (వలసకు ముందు తనిఖీ తప్పనిసరి అనే ముద్ర ఉన్న) పాస్‌పోర్టు ఇస్తారు. వారు గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రభుత్వ క్లియరెన్సు కావాలి. ఆ క్రమంలో ఉద్యోగ ఒప్పందాన్ని ఒక అధికారి చూస్తారు, రెండేళ్లకు 275 రూపాయలతో పది లక్షల ప్రవాసీ బీమా కూడా వస్తుంది. పది పాసైన పిల్లలకు ఆ క్లియరెన్సు అవసరం లేదు. దాన్ని మనం సౌకర్యంగా చూస్తున్నాం గానీ, వారి కాగితాలను ప్రభుత్వం తరఫున ఎవరూ చూడరన్నది కూడా దాని అర్థమే. పైగా కంబోడియా ఆ 18 దేశాల జాబితాలో లేనే లేదు. ఏజెంట్లు డిగ్రీ పిల్లల వెంట పడటానికి ఇదొక కారణమని నా అభిప్రాయం.

అలాగని డిగ్రీ పిల్లలకు సరైన దారులు లేకపోలేదు. బ్రిటన్ 2023 నుంచి మన దేశపు యువతకు ఏడాదికి 3,000 వీసాలు కేటాయిస్తోంది. 18 నుంచి 30 ఏళ్ల వయసు, డిగ్రీ, ఖాతాలో 28 రోజుల పాటు 2,530 పౌండ్లు ఉంటే చాలు; ముందుగా ఉద్యోగం చూసుకోనక్కర్లేదు, రెండేళ్లు ఉండి పని చేసుకోవచ్చు. ఎంపిక లాటరీలో జరుగుతుంది, లాటరీలో పేరు నమోదుకు పైసా కట్టనక్కర్లేదు. కాబట్టి "లాటరీలో పేరు తెప్పిస్తాను" అని ఎవరైనా డబ్బు అడిగితే అక్కడితో మాట ఆపేయండి. పేరు వచ్చాక మాత్రం వీసా రుసుము, ఆరోగ్య సర్‌చార్జి కలిపి పెద్ద మొత్తమే అవుతుంది, కుటుంబాన్ని తీసుకెళ్లడానికి వీలుండదు. ఆస్ట్రేలియా కూడా 25 డాలర్ల నమోదు రుసుముతో ఏడాదికి వెయ్యి మందికి ఇలాంటి అవకాశం ఇస్తోంది. అయితే అది ఏడాది వీసా, ఒకే యజమాని దగ్గర సాధారణంగా ఆరు నెలలకు మించి పని చేయనివ్వరు. అప్పు తీర్చే ఆశతో వెళ్లేవారికి అది సరిపడదు. అమెరికా గురించి ఎక్కువ చెప్పను. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము పెట్టిన తరువాత ఆ లెక్కే మారిపోయింది.

నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది జపాన్, జర్మనీ దారుల మీద. 2021 జనవరిలో మన దేశం జపాన్‌తో నైపుణ్య కార్మికుల ఒప్పందం చేసుకుంది. వృద్ధుల సంరక్షణ, వ్యవసాయం, హోటళ్లు, నిర్మాణం వంటి రంగాల్లో నైపుణ్య పరీక్షతో పాటు జపనీస్‌లో ఎన్4 (ప్రాథమిక) స్థాయి పాసైతే ఐదేళ్ల వరకు పని చేయవచ్చు. జర్మనీ మన నిపుణులకిచ్చే వీసాల సంఖ్యను ఏడాదికి 20,000 నుంచి 90,000కు పెంచుతామని 2024 అక్టోబరులో ప్రకటించింది. శ్రీకాకుళం, విజయనగరంలో నర్సింగ్ చదువుతున్న ఆడపిల్లలకు ఇది నిజంగా పెద్ద అవకాశం. అయితే జర్మన్ భాషను బి2 దాకా, అంటే ధారాళంగా మాట్లాడగలిగే స్థాయి దాకా నేర్చుకోవాలి. ఆ మాట చెబితే పిల్లలు నీరుగారిపోతున్నారు. "ఏజెంటు వారంలో పంపిస్తానన్నాడు, మీరు ఏడాది చదవమంటున్నారు" అని ఒక అబ్బాయి నాతో విసుక్కున్నాడు. ఇంట్లో వడ్డీ పెరుగుతుంటే ఏడాది ఆగడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే ఆ భారాన్ని పిల్లల మీదనే వేయకుండా టెక్కలి, పలాస, బొబ్బిలి వంటి చోట్ల ప్రభుత్వ కాలేజీల్లో సాయంత్రం పూట జపనీస్, జర్మన్ తరగతులు పెట్టాలని కోరుతున్నాను. రిజిస్ట్రేషన్ ఉన్న ఏజెంట్ల పేర్లను ప్రతి సచివాలయం బోర్డు మీద అంటించడానికి ఒక్క ప్రింటు ఖర్చు; కావాలంటే ఆ ప్రింట్లు నేనే తీసి ఇస్తాను.

ఆ కవిటి అబ్బాయి ప్రయాణం ఆగింది. పాస్‌పోర్టు అడిగితే ఏజెంటు ఇంకో పది వేలు కట్టమన్నాడు. 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం ప్రకారం పాస్‌పోర్టు కేంద్ర ప్రభుత్వ ఆస్తి, దాన్ని తాకట్టుగా పెట్టుకునే అధికారం ఏ ఏజెంటుకూ లేదు. సోమవారం నేను కూడా వారి వెంట పోలీస్ స్టేషన్‌కు వెళ్లి ఫిర్యాదు రాసి ఇచ్చాను. నిన్న మధ్యాహ్నం పాస్‌పోర్టు తిరిగి వచ్చింది. ముప్పై వేల అడ్వాన్సు ఇంకా రాలేదు. వచ్చే వారం మళ్లీ వెళ్తున్నాం.